అక్షరాల చప్పుడు

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నా చెయ్యి దానంతటది ఎడమ చెంప మీదికి వెళ్ళింది. అవతల మాట్లాడుతున్నది ఆయన మేనల్లుడు. మామయ్య ఫోన్లో మీ నంబరు కనబడితే చేశానన్నాడు, గుండెపోటన్నాడు, దహనం కూడా అయిపోయిందన్నాడు. అయ్యో అనాల్సిన చోట అయ్యో అన్నాను. ఫోన్ పెట్టేసేదాకా చెంప మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆయన చెయ్యి చేసుకునే మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచితనంతో మొదలుపెట్టడం మనకి అలవాటు. అలా మొదలుపెడితే ఈ కాగితం మీదికి ఇంకెవరో వస్తారు, ఆయన రాడు.

రియాద్‌లో మేమిద్దరం ఒకే దుకాణంలో పనిచేశాం, ఒకే గదిలో ఉన్నాం. దుకాణంలో అమ్మేది ఇంటి కంప్యూటర్లు. అప్పట్లో కంప్యూటరంటే ఒక లావుపాటి కీబోర్డు, అంతే. మీటల మీద ఇంగ్లీషు అక్షరాల పక్కనే అరబ్బీ అక్షరాలు. దానికి తెర ఉండేది కాదు, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలి. ప్రోగ్రాములు మామూలు పాటల క్యాసెట్ల మీద వచ్చేవి. క్యాసెట్ టేప్‌రికార్డర్లో పెట్టి, ఒక తీగ కంప్యూటర్లో గుచ్చి ప్లే నొక్కితే, టేపు తిరిగినంతసేపూ కంప్యూటర్ దాన్ని చదువుకుంటూ కూచునేది. ఆ తీగ పీకేసి స్పీకర్లో వింటే మాత్రం రేకు మీద మేకుతో గీసినట్టు చెవులు కోసేసే కీచుమోత. సౌదీ తండ్రులు పిల్లల చదువుకని కొనేవాళ్ళు. పిల్లలు ఆటల కోసం కొనిపించేవాళ్ళు. నేను అమలాపురం వైపు వాణ్ణి, అమ్మకాల కౌంటర్లో ఉండేవాణ్ణి. ఆయన జగిత్యాల దగ్గరివాడు, లోపల రిపేరు బల్ల ఆయనది. నాకంటే పదేళ్ళు పెద్ద. అందరం 'అన్నా' అనేవాళ్ళం.

పాడైన కంప్యూటర్ వస్తే ఆయన మొదట దాన్ని రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర ఊపేవాడు. తర్వాత బల్ల మీద పెట్టి అరచేత్తో వీపు మీద ఒక్కటి చరిచేవాడు. అప్పటికీ లొంగకపోతే స్క్రూడ్రైవర్ తీసేవాడు. కొనుక్కున్న షేక్ ఎదురుగా నిలబడి బిత్తరపోయి చూస్తుంటే నాతో తెలుగులో అనేవాడు, "గిది గాడిద లెక్క తమ్మి. మాటతోని ఇనదు." అది నేను ఆ షేక్‌కి అరబ్బీలో, మరోలా చెప్పుకోవాలి. ఒకసారి ఎంతకీ మాట వినని ఒక యంత్రాన్ని దుకాణం వెనక గోడకేసి కొట్టాడు. పెంకు రెండు ముక్కలైంది. చల్లబడ్డాక వంగి, పనికొచ్చే చిప్పులన్నీ ఏరుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మనుషులతోనూ అంతే. అట్టపెట్టెలు తలకిందులుగా దించాడని ఒక పఠాన్ లారీ డ్రైవర్ మీద చెయ్యెత్తాడు. ఆ పఠాన్ ఈయనకి రెండింతలుంటాడు. ఎడాపెడా వాయించి వదిలాడు. పెదవి చిట్లి రక్తం కారుతుంటే ఈయన వచ్చి తన స్టూలు మీద కూచుని నవ్వుతున్నాడు. నేను దూది ఇస్తే తీసుకుని, "మంచిగనే కొట్టిండు. చేతిల బలమున్నది వానికి" అన్నాడు. మర్నాడు ఆ పఠాన్‌కి టీ తెప్పించాడు కూడా. కొట్టడం, కొట్టించుకోవడం ఆయనకి ఒకే పని. నాకు మొదట్నించీ రెండూ రావు.

అదే చెయ్యి ఒక్కచోట మాత్రం మెత్తబడేది. టేప్‌రికార్డర్ హెడ్ పక్కన చీమ తలంత స్క్రూ ఒకటుంటుంది. అది రవ్వంత వంకరగా ఉన్నా కంప్యూటర్ క్యాసెట్‌ని చదవలేదు. ఆయన తీగ పీకేసి, ఆ కీచుమోతని స్పీకర్లో పెట్టి, కుడి చెవి దానికి ఆనించి, కళ్ళు మూసుకుని స్క్రూ తిప్పేవాడు. మాకందరికీ ఒకేలా వినబడే ఆ గోలలో ఆయనకి ఎక్కడో మొద్దుదనం వినబడేది, తిప్పుతుంటే అది పదునెక్కేది. ఆ కాసేపూ గదిలో ఎవడూ దగ్గకూడదు. ఒకసారి తుమ్మినవాడి మీదికి స్క్రూడ్రైవర్ విసిరాడు. అది తలుపులో గుచ్చుకుంది.

సెలవురోజు శుక్రవారం ఆయన ఒక పాత కంప్యూటర్ గదికి తెచ్చుకుని తెలుగు అక్షరాలు చేసేవాడు. గళ్ళ కాగితం మీద అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది గడులు. కంప్యూటర్‌కి ఒక అక్షరానికి అంతే చోటు. ఏ గడి నల్లగా ఉండాలో ఏది తెల్లగా ఉండాలో పెన్సిల్‌తో నింపి, అంకెల్లోకి మార్చి, వరసగా టైపు చేసేవాడు. టీవీలో 'క' వచ్చిన రోజు పక్క గదుల వాళ్ళందర్నీ పిలిచి చూపించాడు. ఒత్తుల దగ్గర మాత్రం బూతులు తిట్టేవాడు.

"అరబ్బోనికి పట్టినయ్, ఇంగ్లీషోనికి పట్టినయ్. మన ఒత్తులే పడ్తలేవు తమ్మి గీ డబ్బల."

చివరికి ఒత్తుకి కింద ఇంకో గడుల పెట్టె వాడుకున్నాడు. ఎందుకన్నా ఇదంతా, ఎవరు కొంటారు అని అడిగితే, కొనడానికా చేస్తున్నది అని నా మీదికి గళ్ళ కాగితాల అట్ట విసిరాడు.

మా గది గోడకి అవతల ఒక యెమెనీ దర్జీ ఉండేవాడు. నడివయసు దాటినవాడు. ముందు గదిలో కుట్టుమిషన్, వెనక గదిలో, ఆటల క్యాసెట్లు చూడ్డానికి మా కౌంటర్ దగ్గరికి వచ్చే కొడుకుతో కాపురం. సద్దాం కువైట్లో దిగాక యెమెన్ వాళ్ళ మీద ఇక్కడ నమ్మకం పోయింది. అంతదాకా వాళ్ళు కఫీల్ లేకుండానే బతికేవాళ్ళు. ఇకమీదట మనలాగే వాళ్ళకీ పూచీ ఉండే సౌదీ ఒకడు కావాలన్నారు. ఈ దర్జీ అన్నదమ్ములు పరుపులు, ఫ్రిజ్జులు లారీల మీద కట్టుకుని సరిహద్దు వైపు వెళ్ళిపోయారు. ఈయన ఎలాగో ఒక కఫీల్‌ని పట్టుకుని ఉండిపోయాడు. అప్పట్నించీ మెట్ల మీద ఎదురైతే గోడకి ఒదిగి దారి ఇచ్చేవాడు. మాకు కూడా.

జనవరిలో యుద్ధం మొదలైంది. కిటికీ అద్దాలకి గోధుమరంగు టేపు అడ్డంగా, నిలువుగా అంటించాం. దుకాణంలో బేరాలు పడిపోయాయి. మనుషులు నీళ్ళ సీసాలు, రేడియో బ్యాటరీలు కొనుక్కుంటున్నారు, కంప్యూటర్లు ఎవరిక్కావాలి. సైరన్ మోగితే తలుపు కింద తడి తువ్వాలు దోపి మూల కూచునేవాళ్ళం. స్కడ్ క్షిపణి మీదికి ఇక్కణ్ణుంచి వేసేవి వెళ్ళి ఆకాశంలో పేలితే గోడలోంచి సున్నం రాలేది. ఒక సాయంత్రం అలా పేలి మా వీధి చివర శకలాలు పడ్డాయి. ఒక కారు పైకప్పు లోపలికి మడతపడిపోయింది. ఆయన మేడెక్కి ఆకాశం వైపు చూస్తూ సద్దాంని, అమెరికా వాణ్ణి, మా కఫీల్‌ని, వరసగా ముగ్గుర్నీ ఒకే బూతు తిట్టాడు. మేం కిందికి లాక్కొస్తుంటే మమ్మల్నీ తన్నాడు.

ఆ నెలలోనే ఒక శుక్రవారం చలి విపరీతంగా ఉంది. ఆయన పొద్దుట్నించీ అక్షరాలు టైపు చేస్తున్నాడు. మంచం దిగడు, తినడు. ఇంకా క్యాసెట్‌కి ఎక్కించలేదు. నాకు కాళ్ళు కొంకర్లు పోతుంటే హీటర్ తీసి కంప్యూటర్ ఉన్న ప్లగ్గు పలకలోనే గుచ్చాను. ఒక్కసారి టప్‌మంది. గదిలో కరెంటు పోయింది. ఆ కంప్యూటర్‌కి కరెంటు పోవడమంటే అంతదాకా టైపు చేసినదంతా పోవడమే. నాకా సంగతి తెలుసు. ప్లగ్గు గుచ్చేటప్పుడు చలి తప్ప ఇంకేమీ గుర్తులేదు.

ఆయన లేచి వచ్చి ఎడమ చెంప మీద కొట్టాడు. నేను తూలి మంచం కోడు మీద పడ్డాను. లేవబోతుంటే మళ్ళీ కొట్టాడు. పక్క గదుల వాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు. "నా తెలుగంత పోగొట్టినవ్ గదరా" అన్నాడు. ఆ గొంతు వణికింది. అప్పుడు నాకది వినబడలేదు. తలుపు దగ్గర ఎవడో నవ్వడం ఒక్కటే వినబడింది. ఆ నవ్వుకి నేను ఆయన్ని క్షమించలేదు.

వారం తిరక్కుండా ఆయన అంతా మళ్ళీ టైపు చేశాడు. ఈసారి వెంటనే క్యాసెట్‌కి ఎక్కించాడు. సరిగ్గా ఎక్కిందో లేదో చూడాలిగా. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక తీగ పీకి, స్పీకర్లో గట్టిగా పెట్టి, చెవి ఆనించి వినడం మొదలుపెట్టాడు. కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉంది. బయట వీధంతా చీకటి, కర్‌ఫ్యూ పెట్టినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి మా మేడ మీంచి ఆ కీచుమోత వెళ్ళింది. కింద వెళుతున్న గస్తీ జీపు ఆగింది.

నేను మెట్ల మీద ఉన్నాను, రొట్టెలు తెస్తూ. ముగ్గురు ఎక్కి వచ్చారు. ఒకడు యూనిఫాంలో, ఇద్దరు పాదాల దాకా దిగే తెల్లటి తోబ్‌లలో. ఆ మోత విని వాళ్ళకి వైర్‌లెస్ అనుమానం. ఇరాక్‌కి కబుర్లు పంపే యంత్రం అనుకున్నారు. మొదట కనబడిన తలుపు దర్జీది. ఆయన్ని బయటికి లాగి, ఏమిటా చప్పుడు అని అడిగారు. దర్జీ మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. "లుఅబా" అన్నాడు. ఆట. "కంబ్యూటర్ లుఅబా, వల్లాహ్." రెండోసారి అనేసరికి తోబ్‌లో ఉన్నవాడు ఆయన్ని మూతి మీద కొట్టాడు. యెమెనీవాడి మాట తనెందుకు నమ్మాలన్నట్టు కొట్టాడు. అప్పుడు నా వైపు తిరిగారు. నేను కంప్యూటర్ దుకాణంలో పనిచేస్తానని నా ఇకామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే కార్డు, చూస్తే తెలిసింది వాళ్ళకి. హిందీవాణ్ణి, అంటే ఇండియావాణ్ణి కాబట్టి నా మాట వింటారు. ఏమిటది అని అడిగారు.

సౌదీలో దిగిన మనవాడెవడైనా మొదట నేర్చుకునే అరబ్బీ 'మా అద్రీ'. నాకు తెలీదు అని. పోలీసు అడిగినా, కఫీల్ అడిగినా, దారిన పోయేవాడు అడిగినా అదే మన మందు. ఆ అలవాటే నా నోట్లోంచి వచ్చిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. 'లుఅబా' అనే మాట పొద్దుట్నించీ రాత్రిదాకా కౌంటర్లో పిల్లలతో అనేది నేనే. ఆ మాట నాలుక మీదే ఉంది. దర్జీ నా కళ్ళలోకి చూస్తున్నాడు, పెదవి మీద రక్తంతో. నేను "మా అద్రీ" అన్నాను. ఏ గది అని అడిగితే మా గది అనకుండా చెయ్యి చూపించాను.

ఆయన్ని మెట్ల మీంచి ఈడ్చుకెళ్ళారు. చివరిదాకా తన్నుతూనే ఉన్నాడు, తెలుగులో తిడుతూనే ఉన్నాడు. తుపాకీ మడమతో కుడి చెవి మీద కొట్టాక తిట్లు ఆగాయి. కంప్యూటర్, టేప్‌రికార్డర్, క్యాసెట్లు దుప్పట్లో మూటకట్టి పట్టుకుపోయారు. నేను గదిలోకి వెళ్ళి హీటర్ పెట్టుకున్నాను. చలి కాచుకున్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అదే జరిగింది.

యుద్ధం అయిపోయాక వదిలారు. మా కఫీల్ వెళ్ళి పూచీ పడ్డాడు. ఆయన వచ్చేసరికి చిక్కి సగమయ్యాడు, వేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి, కుడి చెవిలోంచి పసుప్పచ్చటి నీరు కారుతోంది. ఆ చెవి మళ్ళీ వినబడలేదు. గదిలో సంచి పడేసి నన్నొక మాట అడిగాడు.

"గా దినం వాళ్ళు ముందుగాల ఎవని తలుపు కొట్టిన్రు?"

దర్జీ తలుపు అన్నాను. అది నిజమే. ఇంకొక్క మాట అంటే చాలు. ఆయన నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు, చేతులు పిడికిళ్ళు. నేను ఊరుకున్నాను.

ఆయనకి అంతా తెలిసిపోయినట్టే. తన మీద అనుమానం రాకుండా యెమెనీ వాడు మనల్ని పట్టించాడు, అంతే అనుకుని బయటికి నడిచాడు. గోడ అవతల తలుపు తోసిన చప్పుడైంది. కుట్టుమిషన్ పడిన చప్పుడు. దర్జీ అల్లాని పిలవడం, తర్వాత పిలవలేకపోవడం. దెబ్బలు ఒక వరసలో పడ్డాయి, మాంసం మీద పడుతున్నవి, ఎముక మీద పడుతున్నవి వేరుగా తెలుస్తున్నాయి. నేను గోడకి ఇవతల నిలబడి విన్నాను. ఆయన తిరిగొచ్చి చేతులు కడుక్కున్నాడు. మెటిక చీరుకుపోయింది, అందులో పంటి గాటు. దర్జీకి ముందుపళ్ళు రెండు పోయాయని మర్నాడు మెట్ల మీద ఎవరో అన్నారు. యెమెనీవాడు పోలీసుల దగ్గరికి వెళ్ళే రోజులు కావవి. ఆ వారంలో మిషన్ ఒక టాక్సీ మీద వేసుకుని, కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను కొన్ని నెలల తర్వాత జెద్దా దుకాణానికి మారిపోయాను. రెండేళ్ళకి ఆయనా వచ్చాడు. ఈలోపు ఇంటి కంప్యూటర్ల కాలం అయిపోయింది. క్యాసెట్లని అట్టపెట్టెల్లో వేసి చెత్త లారీకి ఎత్తారు. కొత్తవాటికి తెర వాటితోనే వచ్చేది, ఫ్లాపీ లోపలికి తోస్తే చప్పుడు లేకుండా చదువుకునేది. ఆయనకి అవి నచ్చలేదు. "ముంగి డబ్బలు" అనేవాడు. బలద్‌లో అంటే జెద్దా పాత బజార్లో, ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చేరాడు. ఎవరైనా మాట్లాడితే మెడ తిప్పి ఎడమ చెవి ఇచ్చేవాడు. అలా తిప్పినప్పుడు చూపు పక్కకి పోయేది, కోపంగా ఉన్నట్టు అనిపించేది. చాలావరకు నిజంగానే కోపంగా ఉండేవాడు. తెలుగు అక్షరాలు మళ్ళీ ముట్టలేదు. ఎందుకు ముట్టలేదని నేను అడగలేదు.

శుక్రవారాలు షరఫియా పేటలో మనవాళ్ళ హోటల్లో కలిసేవాళ్ళం. యుద్ధం ముగిసిన నాలుగైదేళ్ళకి అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం బల్ల నిండా మనవాళ్ళు, మాంసం, అన్నం. ఆయన తన జైలు కథ చెబుతున్నాడు. అది ఆయన బాగా చెప్పేవాడు. వాళ్ళు క్యాసెట్ పెట్టి చూస్తే టీవీ తెర మీద 'అ ఆ ఇ ఈ' పడిందట. గుండ్రంగా సున్నాలు, సుడులు. ఇదేం రహస్య భాష అని నాలుగు దెబ్బలు ఎక్కువ పడ్డాయట. "క్ష చూసిన్రు, అయిపోయింది నా పని. గిది బాంబు బొమ్మ అన్నరు." అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను, ప్రతిసారీ నవ్వేవాణ్ణి.

ఆ రోజు కథ ఇంకొంచెం ముందుకి వెళ్ళింది. దుకాణం పని మీద వచ్చే వారం యెమెన్ సరిహద్దు దగ్గరి నజ్రాన్ వెళ్తున్నానన్నాడు, అక్కడ ఒక ఆస్పత్రిలో కంప్యూటర్లు బిగించాలట. ఆ దర్జీ అక్కడే కొట్టు పెట్టుకున్నాడని ఒక డ్రైవర్ చెప్పాడట.

"ముంగటి పండ్లే పోయినయ్ వానికి. ఎనకటివి ఇంక ఉన్నయ్" అన్నాడు ముద్ద కలుపుకుంటూ.

బల్ల దగ్గర ఒకరిద్దరు నవ్వారు. నేను చేతిలో ముద్ద కంచంలో పడేశాను. అన్నా, బయటికి రా అన్నాను. ఏందిరా, ఈడ్నే చెప్పు అన్నాడు. ఆయన ఎడమ వైపుకి వెళ్ళి కూచున్నాను. చెప్పాను.

"దర్జీ నిన్ను పట్టించలేదన్నా. ఆట అని చెప్పాడు, చెప్పినందుకు దెబ్బ తిన్నాడు. నన్ను అడిగారు. నేను తెలీదన్నాను. నీ గది నేనే చూపించాను."

ఆయన మొదట నవ్వాడు. నువ్వు ఆ యెమెనోణ్ణి కాపాడనీకి అబద్ధమాడుతున్నవ్, నీకంత దమ్ముండాలె గద అన్నాడు. నేను మెట్ల మీద రొట్టెల సంగతి, దర్జీ మెడలో టేపు సంగతి, జీపు సంగతి చెప్పాను. హీటర్ సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వు ఎక్కడ ఆగిందో నాకు కనబడింది. బల్లని రెండు చేతులా ఎత్తి తోసేశాడు. కంచాలు, పులుసు, గ్లాసులు అందరి ఒళ్ళో పడ్డాయి. నా మెడ పట్టుకుని హోటల్ పక్క సందులోకి ఈడ్చుకెళ్ళి గోడకి కొట్టాడు. తల వెనక చిట్లింది. వెచ్చగా మెడ మీదికి దిగింది. చెయ్యి పైకెత్తాడు.

కళ్ళు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఇంతకాలానికి ఇదిగో, ఇప్పుడు కొడతాడు, అయిపోతుంది అనుకున్నాను.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే ఆ చెయ్యి గాల్లోనే ఉంది.

"కొడ్తె నీది అయిపోతది" అన్నాడు. "నేను కొట్ట."

చెయ్యి దించి, దాన్ని ఎవరిదో చూసినట్టు చూసుకుంటూ సందులోంచి వెళ్ళిపోయాడు.

రెండో రోజు నా గదికి వచ్చాడు. కూచోలేదు. నజ్రాన్ బస్సుకి ఇద్దరం పోదాం, వచ్చి ఆ దర్జీ ముందు నీ నోటితోని చెప్పు అన్నాడు. పక్క ఊరికి వెళ్ళాలన్నా కఫీల్ రాసిచ్చిన ఉత్తరం ఉండాలి అప్పట్లో. ఆయనకి దుకాణం పని మీద ఉత్తరం ఉంది. నాకు లేదన్నాను. అడుగు అన్నాడు. కఫీల్ ఊళ్ళో లేడన్నాను. కఫీల్ ఊళ్ళోనే ఉన్నాడు, ఆ పొద్దున నేనే ఆయనకి కాఫీ అందించాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఒక్క బూతు కూడా తిట్టకుండా మెట్లు దిగి వెళ్ళాడు.

పది పన్నెండు రోజులకి తిరిగొచ్చాడు. తలుపు తీసి గుర్తుపట్టలేకపోయాను. మొహం ఒక వైపు బూడిదరంగులోకి తిరిగి వాచిపోయింది. మాట్లాడటానికి నోరు తెరిస్తే ముందు పళ్ళు రెండూ లేవు. మాట గాలిగా వచ్చింది. దర్జీ కొట్టు వెతికి పట్టుకుని, కుట్టుమిషన్ ముందు మోకాళ్ళ మీద కూచుని, జరిగిందంతా చెప్పి, నన్ను కొట్టు అని మొహం పెట్టాడట. ముసలాయన కొట్టలేదట. చేతులు వెనక్కి లాక్కున్నాడట. గుడ్డలు కొలిచే ఇనప గజంబద్ద తీసుకుని కొడుకు కొట్టాడట, తండ్రి వద్దంటున్నా వినకుండా. ఈయన చెయ్యి అడ్డు పెట్టలేదట. ఇదంతా లారీ డ్రైవర్ దెబ్బల గురించి చెప్పినంత మామూలుగానే చెప్పాడు.

నీళ్ళిస్తే తాగాడు. చొక్కా మీదికి కారిపోయాయి.

"ఆయన నిన్ను అడిగిండు తమ్మి" అన్నాడు. "గా పిల్లగానికి లుఅబా అనే మాట రాదా, దుకాణంల దినాం అంటడు గద, గప్పుడెందుకు అనలే అని అడిగిండు. నేనేం చెప్పాలె? నాకెట్ల తెలుస్తది? ఆ పిల్లగాడే వచ్చి చెప్తడని చెప్పిన. వస్తడు అని మాటిచ్చిన."

నేను తలొంచుకుని ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"ఎప్పుడు పోతవ్?" అన్నాడు.

వచ్చే నెల అన్నాను.

ఆయన ఎడమ చెవి నా వైపు తిప్పాడు, సరిగ్గా వినబడలేదేమో అని. నేను మళ్ళీ చెప్పాను, వచ్చే నెల. తలూపి వెళ్ళిపోయాడు. నమ్మాడు. ఆ తర్వాత జెద్దాలో తొమ్మిదేళ్ళున్నాను. కనబడినప్పుడల్లా పోయినవా అని అడిగేవాడు. మొదట్లో చెయ్యి భుజం మీద వేసి అడిగేవాడు. తర్వాత దూరం నుంచే కనుబొమ్మలు ఎత్తి అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. నేను వెళ్ళలేదు. ఆ దర్జీ ఎన్నాళ్ళు ఎదురుచూశాడో నాకు తెలియదు. తలుపు దగ్గర నీడ పడినప్పుడల్లా తలెత్తి చూసి ఉంటాడు.